సాయిబుగారిని అడిగితిరా?



ముందుగా ఒక గ్రామములో జరిగిన సంగతి చెప్పి, తరువాత అసలు విషయమునకు వచ్చెదను. ఆ గ్రామమునకు ప్రతి సంవత్సరము చలికాలమునకు ముందు ఒక దూదేకుల సాయిబు పరుపులు కుట్టుటకు వచ్చుచుండెను. మన క్రైస్తవపల్లెలో అతడు కుట్టని పరుపు లేదు. అతడు మాటలాడునది మన తెలుగే. 2020లో కరోనా జాడ్యము ప్రబలియున్నప్పుడు అతడు యథాప్రకారము రాగా, సంఘపెద్ద యొకరు తన అరుగుమీదనుండియే కేక వేసి, "మా వీధికి రావద్దు, మీవాళ్ళు కావాలని ఉమ్మి జబ్బు అంటిస్తున్నారంట" అని అతనిని పంపివేసెను. ఆ మాట ఆయనకు ఎవరు చెప్పిరి? సెల్‌ఫోనులో ఎవరో పంపిరి. వారికెవరు పంపిరో ఎవరికిని తెలియదు. ఆ దినమున నేనును ఆ అరుగుమీదనే కూర్చుండి యుంటిని. నోరు మెదపలేదు. అందుచేత ఈ వ్యాసములో నేను ఎవరిని గద్దించినను నన్ను నేనే ముందు గద్దించుకొనుచున్నానని గ్రహించుడి.

ఆ సంవత్సరము మార్చి నెలలో ఢిల్లీలోని నిజాముద్దీనులో కూడిన తబ్లీగీవారిలో అనేకులకు ఆ జబ్బు సోకిన మాట వాస్తవమే. అయితే ఆ కూటమునకు వచ్చిన విదేశీయులలో కొందరిమీద మహారాష్ట్రలో పెట్టిన కేసులను బొంబాయి హైకోర్టువారి ఔరంగాబాదు ధర్మాసనము ఆగస్టు నెలలో కొట్టివేసి, వారిని బలిపశువులను చేసిరని తీర్పులో వ్రాసెను. ఈ తీర్పు మన అరుగులమీదికి రాలేదు. పుకారు మాత్రము వచ్చెను, ఇంకను ఉన్నది.

పొరుగువానిమీద అబద్ధసాక్ష్యమును నిషేధించు ఆజ్ఞ మనకు కలదు. దానిని కొన్ని సంఘములవారు ఎనిమిదవదిగాను, కొన్ని సంఘములవారు తొమ్మిదవదిగాను లెక్కించుదురు. లెక్క యేదైనను ఆజ్ఞ ఒక్కటే. ఆ పొరుగువాడు మన గుడికి వచ్చువాడై యుండవలెనని అందులో లేదు. అయినను మహమ్మదీయులను గూర్చి మన స్త్రీల కూటములలోను, యౌవనుల కూటములలోను ఎవరైన ప్రశ్న అడిగినయెడల, వినికిడి మాటతో జవాబు చెప్పుట మనకు వాడుకైనది. నేను విన్న ప్రశ్నలలో కొన్నిటిని తీసికొందును.

మొదట ఆ పేరే తప్పు. మహమ్మదీయులని మనము పిలుచుట మన పాత పుస్తకముల అలవాటు. క్రీస్తును ఆరాధించువారు క్రైస్తవులు గనుక మహమ్మదును ఆరాధించువారు మహమ్మదీయులై యుందురని మనవారు తలంచిరి. వారు మహమ్మదును ఆరాధింపరు. ఆయన క్రీస్తుశకము 570 ప్రాంతమున మక్కాలో పుట్టి 632లో మదీనాలో మరణించిన మనుష్యుడనియు, దేవుని ప్రవక్తయనియు నమ్ముదురు. మనుష్యుని దేవునిగా మ్రొక్కుట వారి మతములో అన్నిటికంటె ఘోరమైన పాపము. గనుక ఇకమీదట ముస్లిములందము. ఆ మాటకు దేవునికి లోబడినవాడని అర్థము.

అల్లా అనువాడు వేరొక దేవుడా? ఈ ప్రశ్నను నేను పండితుల నోటను వింటిని, కూలివారి నోటను వింటిని. అరబ్బీ భాష మాటలాడు క్రైస్తవులు లెబనోను, సిరియా, ఐగుప్తు దేశములలో ఉన్నారు. వారి బైబిలు తెరచినయెడల ఆదికాండము మొదటి వచనములోనే దేవుడనుటకు అల్లాహ్ అను మాట యున్నది. వారు మోకాళ్ళూని ప్రార్థించునపుడు పలుకునది ఆ మాటయే. మన సంగతి చూడుడి. దేవుడు అను తెలుగు మాట మిషనెరీలు ఓడ దిగకముందునుండియు ఈ దేశములో ఉన్నది. కోవెలలలో ఉన్నది. మన పితరులు దానినే తీసికొని యేసుక్రీస్తు తండ్రికి ఆ పేరు పెట్టిరి. మాటనుబట్టి తీర్పు తీర్చుదుమన్నయెడల మొదట మన కీర్తనల పుస్తకమునకే తీర్పు తీర్చవలసి వచ్చును. దేవుని గూర్చి వారు చెప్పునదియు మనము చెప్పునదియు ఒక్కటేనా అనునది వేరు ప్రశ్న. దానికి తరువాత వచ్చెదను.

మక్కాలోని రాతికి మ్రొక్కుదురు గదా అని మరియొకరు అందురు. కాబా యనునది ఘనచతురస్రమువలె నున్న యొక మందిరము. దానిని కట్టినవారు అబ్రాహామును అతని కుమారుడైన ఇష్మాయేలును అని వారి నమ్మకము. నమాజులో ఆ దిక్కునకు ముఖము పెట్టుదురు. మన దేశమునకు మక్కా పడమటనున్నది గనుక ఇక్కడివారు పడమటికి తిరుగుదురు. మొదట వారు తిరిగినది యెరూషలేము తట్టు. మదీనాకు వలస వెళ్ళిన రెండవ యేట, అనగా 624 ప్రాంతమున, ఆ దిక్కు మారెను. దానియేలు బబులోనులో యెరూషలేము తట్టు కిటికీలు తెరచుకొని దినమునకు ముమ్మారు ప్రార్థించెనని మనము ఆదివారపు బడి పిల్లలకు నేర్పుచున్నాము. దానియేలు కిటికీకి మ్రొక్కెనని ఏ పిల్లవాడును అనుకొనడు. కాబా మూలలో ఒక నల్లరాయి కలదు, యాత్రికులు దానిని ముద్దుపెట్టుకొందురు. ఆ విషయమై ఖలీఫా ఉమరు చెప్పినదానిని వారి హదీసు గ్రంథములే భద్రపరచినవి. అది మేలుగాని కీడుగాని చేయలేని రాయియని తాను ఎరుగుదుననియు, ప్రవక్త ముద్దుపెట్టుకొనగా చూచితిని గనుకనే తానును అట్లు చేయుచున్నాననియు ఆయన చెప్పెను. విగ్రహారాధకుడు తన విగ్రహమును గూర్చి ఇట్లు మాటలాడునా?

అట్లయితే మన ఊరిలో పీర్ల సంగతేమిటని మీరు అడుగుదురు. ఇది న్యాయమైన ప్రశ్న. తెలుగుదేశములో అనేక గ్రామములలో పీర్లచావిడి కలదు. మొహర్రము నెలలో లోహపు పంజాలు కట్టిన కొయ్యలకు రంగుగుడ్డలు చుట్టి, దండలు వేసి, డప్పులతో ఊరేగించి, గుండము త్రొక్కుదురు. చూచినవారు విగ్రహమనక మానరు. దాని వెనుక నున్న చరిత్ర యిది. క్రీ. శ. 680లో, ఇప్పటి ఇరాకు దేశమునందలి కర్బలా మైదానమున, మహమ్మదు మనుమడైన హుసేనును అతనితో నున్న కొద్దిమందిని ఖలీఫా యజీదు సైన్యము చుట్టుముట్టి, నీళ్ళు దొరకకుండ చేసి, మొహర్రము పదియవ దినమున చంపెను. ఆ దినమున పానకము పంచుట ఆ దాహమును జ్ఞాపకము చేసికొనుటయే. శోకదినముగా మొదలైనది మన పల్లెలలో జాతరయైనది. పీర్లను ఎత్తువారిలోను మ్రొక్కుబడి చెల్లించువారిలోను అనేకులు హిందువులే. ముస్లిముల మతపండితులలో అనేకులు ఇది మతములో లేని ఆచారమని ఖండించుచున్నారు. ఊరి ఆచారమును చూచి మతము ఇదియే యనువాడు క్రిస్మసు రాత్రి మన గుడిముందు కాలు టపాకాయలను చూచి అవి ఏ సువార్తలో ఉన్నవని అడిగినయెడల మనమేమి చెప్పుదుము?

నమాజును గూర్చి ఎక్కువ వ్రాయను. దినమునకు అయిదు పర్యాయములు, తెల్లవారకముందే మొదలుపెట్టి, కాళ్ళుచేతులు కడుగుకొని చేయుదురని మీరు ఎరుగుదురు. ఉపవాసమును గూర్చి మాత్రము ఒక మాట. రాత్రియంతయు తిని పగలు పండుకొను ఉపవాసమేమిటని ఎగతాళి చేయువారిని చూచితిని. రంజాను నెల చంద్రుని లెక్కనుబట్టి వచ్చును గనుక ప్రతి సంవత్సరము దాదాపు పదకొండు దినములు ముందుకు జరిగి, కొన్ని యేండ్లకు మన మండువేసవిలో పడును. ఆ యెండలో తెల్లవారుజామునుండి ప్రొద్దుగ్రుంకువరకు గ్రుక్కెడు నీళ్ళు లేకుండ రాళ్ళు కొట్టువారిని, రిక్షా త్రొక్కువారిని, తోపుడుబండి నెట్టువారిని నేను చూచితిని. రోగులకు, ప్రయాణికులకు, గర్భిణులకు, పాలిచ్చు తల్లులకు సడలింపు కలదు. ఎగతాళి చేయువారు తాము శ్రమకాలములో ఎన్ని శుక్రవారములు ఉపవాసముండిరో తమ యింటివారిని అడిగి చూడవలెను.

జకాతు సంగతి మన రైతులు వినదగినది. అక్కరలు తీరిన తరువాత ఒక హద్దుకు మించిన సొమ్ము సంవత్సరము నిలువయున్నయెడల నలుబదిలో ఒక వంతు, అనగా నూటికి రెండున్నర రూపాయలు, బీదలకును అప్పులవారికిని మరికొందరికిని ఇయ్యవలెను. ఇది దయాధర్మము కాదు, విధి. పంటమీద లెక్క వేరు. వర్షము చేతనే పండిన మెట్టపంటకు పదియవ వంతు. రైతు ఏతమెత్తి, నీరు తోడి, కష్టపడి తడిపిన పంటకు ఇరువదియవ వంతు. పంట కోసిన దినముననే దాని హక్కు చెల్లించుమని ఖురాను చెప్పుచున్నది. నీ చెమట ఎంతయో, ఆకాశము ఉచితముగా ఇచ్చినది ఎంతయో చూచి వేసిన లెక్క యిది. కోతపండుగ దినమున మన గుడి ముందు వేలమునకు వచ్చు పుచ్చుగుమ్మడికాయలను ఇన్ని యేండ్లుగా చూచుచున్నాను గనుక ఇంతకంటె చెప్పను. వారిలో జకాతు ఎగవేయువారును ఉన్నారు, మనలో దశమభాగము ఎగవేయువారివలెనే.

ఇప్పుడు అసలు భేదమునకు వచ్చెదను. వారు యేసును నమ్మరని మన పిల్లలు సయితము చెప్పుదురు. ఇది సగము నిజము. సగము నిజము పూర్తి అబద్ధముకంటె ఎక్కువ చెరుపు చేయును. ఖురానులో 114 అధ్యాయములు కలవు. పందొమ్మిదవదానికి మన ప్రభువు తల్లి పేరే పెట్టిరి. ఆ గ్రంథము మొత్తములో స్వంతపేరుతో చెప్పబడిన స్త్రీ ఆమె ఒక్కతెయే. ఈసా అను పేరు దాదాపు ఇరువదియైదు పర్యాయములు వచ్చును, మహమ్మదను పేరు నాలుగు పర్యాయములే. ఆయన కన్యకకు పుట్టెనని, మెస్సీయయని, రోగులను బాగుచేసెనని, మరల వచ్చునని వారు నమ్ముదురు. మహమ్మదు అనుచరులు మక్కాలో హింసింపబడినప్పుడు, 615 ప్రాంతమున, వారిలో కొందరు అబిసీనియాకు పారిపోయిరి. ఆ దేశపు రాజు క్రైస్తవుడు. మీ మతమేమని ఆయన అడుగగా, జాఫరు అనువాడు మరియను గూర్చిన ఆ అధ్యాయమునే వినిపించెననియు, రాజు కన్నీరు విడిచి వారిని శత్రువులకు అప్పగించనని చెప్పెననియు ముస్లిముల చరిత్రకారులు వ్రాసిరి. క్రైస్తవుని నీడను తమవారు బ్రదికిన సంగతి వారు నేటికిని చెప్పుకొందురు. మనము దానిని మరచితిమి.

అయినను ఆయన దేవుని కుమారుడని వారు ఒప్పుకొనరు. సిలువవేయబడి చనిపోయెనని ఒప్పుకొనరు. దేవుడు తన ప్రవక్తను అట్టి అవమానమునకు అప్పగింపడని వారి వాదము. మనమో, ఆ అవమానములోనే మన రక్షణ కలదని నమ్ముచున్నాము. ఇది చిన్న భేదము కాదు. అన్ని దారులు ఒక్కచోటికే పోవునని చెప్పి దీనిని కప్పిపుచ్చువారితో నేను ఏకీభవింపను. సాయిబుగారును ఏకీభవింపరు. వాదము ఉన్నయెడల ఇక్కడ వాదించుడి, సిలువయొద్ద వాదించుడి. ఉమ్మిని గూర్చియు మాంసమును గూర్చియు ఏల వాదించెదరు? హలాలు మాంసమనగా దేవుని పేరు చెప్పి కోసి రక్తమును ఓడ్చివేసిన మాంసము. రక్తమును, గొంతు పిసికి చంపినదానిని విడువవలెనని యెరూషలేములో అపొస్తలులు చేసిన తీర్మానము మన గ్రంథములోనే లేదా?

తరువాత ధర్మశాస్త్రము, అనగా షరియతు. ఇక్కడ మనవారి భయము మెండు. షరియతు వచ్చి చేతులు నరుకునని ఒకరు, గుడులు మూయించునని ఒకరు. మన దేశములో 1937 నాటి చట్టము ప్రకారము ముస్లిములకు వివాహము, విడాకులు, వారసత్వము మొదలగు కుటుంబ విషయములలో మాత్రమే షరియతు వర్తించును. దొంగతనమునకు, హత్యకు, మోసమునకు అందరికి ఒక్కటే శిక్షాస్మృతి. 2024 జూలై 1వరకు అది ఇండియన్ పీనల్ కోడు, ఆ దినమునుండి భారతీయ న్యాయ సంహిత.

నలుగురు భార్యలను గూర్చి అడుగుదురు. నలుగురివరకు ఖురాను అనుమతించుట నిజమే. అందరికి సమానముగా న్యాయము చేయలేనని భయపడువాడు ఒక్కతెతోనే తృప్తిపడవలెననియు అక్కడనే కలదు. ఎంత కోరినను పూర్తిగా సమానముగా చూడలేరని అదే అధ్యాయములో మరియొకచోట కలదు. ఈ మాటలనుబట్టి 1956లో ట్యునీషియా దేశము బహుభార్యాత్వమును నిషేధించెను. ఆ అనుమతి యింకను చట్టములో నుండుట మంచిదని నేను చెప్పుటలేదు. సవతి యున్న యింటి దుఃఖము యాకోబు కథలో మనము చదివినదే. అయితే మన దేశములో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తమకు సవతి కలదని చెప్పిన వివాహిత స్త్రీలు ముస్లిములలో నూటికి 1.9, హిందువులలో 1.3, క్రైస్తవులలో 2.1. మరల చదువుడి, అచ్చుతప్పు కాదు. ఈశాన్య రాష్ట్రముల గిరిజనులలోని ఆచారము మన లెక్కను పెంచినదని చెప్పవచ్చును. అట్లు చెప్పుకొనుటకు మనకు హక్కున్నయెడల, తమ లెక్కకు కారణములు చెప్పుకొనుటకు వారికిని హక్కు కలదు.

ముమ్మారు తలాకు అని పలికి భార్యను వీధిలో నిలువబెట్టుట అన్యాయము. ఇందులో నేను ఎవరినిగాని సమర్థింపను. భార్యాభర్తలకు తగవు వచ్చినయెడల ఇరుపక్షముల నుండి ఒక్కొక్క మధ్యవర్తిని పెట్టవలెనని ఖురాను చెప్పుచుండగా, ఒక్క క్షణములో అంతయు తెంచుటను పురుషులు తమ సౌకర్యమునకు వాడుకొనిరి. షాయరా బానో అను ముస్లిము స్త్రీ ఇతర ముస్లిము స్త్రీలతోపాటు సుప్రీముకోర్టుకు ఎక్కగా, 2017 ఆగస్టు 22న అయిదుగురు న్యాయమూర్తులలో ముగ్గురు ఆ పద్ధతిని కొట్టివేసిరి. 2019లో వచ్చిన చట్టము దానిని మూడేండ్లవరకు జైలుశిక్ష గల నేరముగా చేసెను. మన యింటి సంగతియు చెప్పవలెను గదా. క్రైస్తవుల విడాకులకు 1869లో చేసిన చట్టము కలదు. భార్య వ్యభిచరించెనని రుజువుచేసినయెడల భర్తకు విడాకులు దొరకును. భర్త వ్యభిచరించెనని భార్య రుజువుచేసిన చాలదు. వ్యభిచారముతోపాటు క్రూరత్వముగాని రెండేండ్లు విడిచిపెట్టుటగాని, అట్టిది మరియొకటి ఆమె చూపవలెను. ఈ పక్షపాతము 2001 వరకు, నూట ముప్పదిరెండు సంవత్సరములు, మన తల్లుల మెడమీద నుండెను. అంతకాలము మన ప్రసంగపీఠములనుండి దీనిని గూర్చి ఎన్ని ప్రసంగములు వింటిరి? తలాకును గూర్చి ఎన్ని వింటిరి?

కట్నము మాట యెత్తినయెడల ఇరువురికిని తలవంపులే. నికాహులో వరుడే వధువునకు మహరు ఇయ్యవలెను, అది ఆమె స్వంతసొత్తు. అయినను వారు కట్నము తీసికొనుచున్నారు. మనమును తీసికొని, ఆ డబ్బుతో కొన్న ఉంగరమును పాస్టరుగారి చేతులమీదుగా తొడిగించుకొనుచున్నాము.

జిహాదు సంగతి దాటవేసితినని అనుకొందురేమో. ఆ మాటకు ప్రయాసపడుట అని అర్థము. మనస్సులోని చెడుగుతో పోరాడుటయు అదే, యుద్ధము చేయుటయు అదే. ఖురానులో యుద్ధపు మాటలు కలవు. మన యెహోషువ గ్రంథములోను యెరికో కలదు. ఆ మాటలు చేతపట్టుకొని నిర్దోషులను చంపినవారున్నారు. 2015లో లిబియా సముద్రతీరమున ఇరువదియొక్క మంది క్రైస్తవులను చంపిరి, వారిలో ఇరువదిమంది ఐగుప్తు కోప్తులు. 1099లో సిలువ గుర్తు ధరించినవారు యెరూషలేములో ముస్లిములను యూదులను చంపిరి. పాకిస్తానులో దైవదూషణ చట్టము క్రింద ఆసియా బీబీ అను బీద క్రైస్తవ కూలిస్త్రీకి 2010లో మరణశిక్ష విధించిరి. ఆ చట్టము అన్యాయమైనది. ఆమె పక్షముగా మాటలాడినందుకు 2011 జనవరిలో తన అంగరక్షకుని చేతనే కాల్చబడినవాడు పంజాబు గవర్నరు సల్మాన్ తాసీరు, ముస్లిము. 2018 అక్టోబరు 31న ఆమెను నిర్దోషియని విడిపించిన న్యాయమూర్తులును ముస్లిములే. ఆసియా బీబీ పేరు మన కూటములలో ప్రార్థనకు వచ్చెను. తాసీరు పేరు నేను ఒక్క కూటములోను వినలేదు.

ఆ పరుపుల సాయిబు రెండేండ్ల తరువాత మరల వచ్చెను. ఆ సంఘపెద్ద యింటికి పోలేదు, మా వాకిటనే కూర్చుండి పాత దూది విప్పుచుండగా నేను దగ్గర కూర్చుంటిని. క్షమాపణ ఎట్లు అడుగవలెనో తెలియక అవి యివి మాటలాడుచుంటిని. అతడే అడిగెను.

"అయ్యగారూ, చాన్నాళ్ళ నుంచి అడగాలనుకుంటన్నా. మీరు ముగ్గురు దేవుళ్ళకి మొక్కుతారంట, ఆ ముగ్గురిలో మరియమ్మ ఒకరంట. నిజమేనా?"

ముప్పది సంవత్సరములుగా మా వీధిలో పరుపులు కుట్టినవాడు. త్రిత్వమును గూర్చి నాకు చేతనైనంత చెప్పితిని. దేవుడొక్కడేయని, మరియ మనవంటి మనుష్యురాలేయని చెప్పితిని. చక్కగా చెప్పితినో లేదో తెలియదు. అతడు తల ఊపుచు, మధ్య మధ్య ప్రశ్నించుచు, చివరివరకు వినెను.

"నాకు పూర్తిగా ఎక్కలేదుగాని, మూడు కాదని తెలిసింది. మావాళ్ళు మూడంటే కాదంట, అడిగానని చెప్తాను" అని దబ్బనమునకు దారమెక్కించెను.

పని ముగియువేళకు సంఘపెద్దగారి భార్య తమ పాత పరుపును పాలేరు నెత్తిన పెట్టించి మా వాకిటికి పంపెను. సాయిబు దానిని తడిమి చూచి, దూది గడ్డకట్టినదని, రేపు మరల వచ్చెదనని చెప్పెను.